మిస్ వెర్లా కౌంటరు

ఫేయెట్‌విల్,
నవంబరు, మంగళవారం.

అమ్మకు నీ కోరిన్ ప్రేమతో వందనాలు.

ఇక్కడ నేను క్షేమం. నువ్వూ నాన్నా క్షేమమని తలుస్తాను. క్షేమమని గట్టిగా చెప్పుకోవాల్సిన అవసరం నువ్వే తెచ్చిపెట్టావు. చర్చిలో బుధవారం ప్రార్థన కూటంలో "దారి తప్పిన మా అమ్మాయి కోసం ప్రార్థించండి" అని నా పేరు చెప్పావట. అంతమంది ముందు దేవుడికి చెప్పేముందు నన్నొక్క మాట అడగాల్సింది. ఇప్పుడు సగం ఊరు ఫోన్ చేసి "బాగున్నావా తల్లీ" అని జాలిగా అడుగుతోంది.

నువ్వడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. చర్చికి వెళ్తున్నాను. నువ్వు పంపిన పెకాన్ గింజల మిఠాయి అందింది, హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి సగం లాగించేసింది. దాంతో పాటు నువ్వు పంపిన కార్డు, మన ఊళ్లో ఉన్న ఆ పెద్ద కంపెనీ కొట్లో ఏమీ కొననని రాసి ఉన్న ప్రతిజ్ఞ కార్డు మీద మాత్రం సంతకం పెట్టలేదు. నేను దారి తప్పానన్నది అందుకేగా?

ఆ కంపెనీవాళ్లు క్రిస్మస్ అన్న మాట తీసేసి తమ కొట్లలో ఉత్త "పండగ శుభాకాంక్షలు" అని బోర్డులు పెట్టడం నాకూ నచ్చలేదమ్మా. క్రీస్తు పేరు చెప్పడానికి సిగ్గుపడేవాళ్లు ఆయన పుట్టినరోజుకి సరుకులు అమ్ముకోవడమేమిటి? మీ చర్చి సంఘం కంపెనీకి ఉత్తరాలు రాసినప్పుడు నేనూ రాశాను. కానీ ఆ బోర్డు పంపినవాళ్లు ఎక్కడో ఉన్నారు. మన ఊరి కొట్లో కౌంటరు దగ్గర ఉన్నది మిస్ వెర్లా. నాకు సండే స్కూల్లో పాఠం చెప్పిన మనిషి, క్వయర్‌లో నీ పక్కన నిలబడి పాడే మనిషి.

నాన్న ఫోన్‌లో, "మీ అమ్మ ఆ కొట్టు మానేసిన దగ్గర్నుంచీ నా సాక్సులకి కిటికీలు పడ్డాయే" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "బేరాల్లేక వెర్లాకి పని బాగా తగ్గించేశారు. పండక్కి కూడా ఇలాగే ఉంటే తీసేస్తారట" అన్నాడు.

ఇక నీకు చెప్పనిది. పోయిన శుక్రవారం ఊరికి వచ్చాను. ఇంటికి రాలేదు, తిన్నగా కొట్టుకే వెళ్లాను. మిస్ వెర్లా తుడిచిన కౌంటరే మళ్లీ తుడుస్తోంది.

"పోవే కోరిన్, మీ అమ్మ చూసిందంటే మనిద్దరికీ మూడుతుంది!"

"ఆదివారాలు అమ్మ మీతో మాట్లాడుతోందా?"

"పాటల పుస్తకం ఇద్దరం ఒకటే పట్టుకుంటాం. పేజీ తనే తిప్పుతుంది. నా మొహం మాత్రం చూడదు." నవ్వబోయి ఆగిపోయింది. "ఆ బోర్డు చూసి నేనూ బాధపడ్డానే. అందుకే ఒక్కొక్కరికీ సంచి అందిస్తూ 'దేవుడు దీవించుగాక' అని మెల్లిగా చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడానికి మనుషులేరి?"

థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, అందరూ క్రిస్మస్ సరుకుల కోసం ఎగబడే రోజున, కొట్టు తలుపు దగ్గర నీ పక్కన నిలబడి ఇక్కడ కొనొద్దనే కరపత్రాలు పంచమన్నావు. వస్తాను. పంచను. నీ పక్కనుంచే లోపలికి వెళ్లి, మిస్ వెర్లా కౌంటరు దగ్గర నాన్నకి సాక్సులు కొంటాను.

ఇట్లు,
నీ కూతురు,
కోరిన్.