కారు కదలకుండా కాలిన పెట్రోలు

తిరుమలేశ్,

అన్నం కుక్కర్ల ఉన్నది, పచ్చిపులుసు మూత పెట్టిన. నేనూ అత్తమ్మా కారు తీస్కొని ఫిలింనగర్ షూటింగ్‌కు పోతున్నం. ట్యాంకు ఫుల్ చేయించిన. బిల్లు ఫ్రిజ్ మీదున్నది, మళ్ల లెక్క కట్టుకో!

నిన్న నీ దోస్తు ముందట ఏమన్నవ్? "నీ కారు, మా కారు ఒక్కటే. నీకు లీటరుకు పద్దెనిమిది వస్తుంటే మా ఆమెకు తొమ్మిదే. పెట్రోలు తాగుతున్నదో ఏందో" అని నవ్వుతవా? ఆయన కారు రోడ్డు మీద ఉరుకుతది. మనది సెట్టు బయట గంటసేపు ఏసీ ఏసుకొని నిలబడతది. నిలబడ్డ కారుకు కిలోమీటర్లు యాడికెళ్లి వస్తయి? భాగించుడు వచ్చు గానీ, ఎందుకిట్లైతున్నదని ఒక్కసారన్న అడుగుడు రాలేదు నీకు.

ఏసీ మీ అమ్మకు. గుంపుల నిలబడే ఆర్టిస్టులకు కూసునేతందుకు ఏసీ కారవాన్ ఎవరిస్తరు? పోయిన నెల పట్టుచీర కట్టుకొని ఎండల నిలబడి కళ్లు తిరిగి పడ్డది. "వానికి చెప్పకు, షూటింగులు బందు చేయిస్తడు" అని నాతోని ఒట్టేయించుకున్నది. అందుకే ఇన్నొద్దులు నీ మాటలు పడ్డ. నిన్నటితోని అయిపోయింది.

మనోజ

చదివినంక ఈ చీటీ చింపెయ్. నువ్వు మైలేజీ లెక్కలు కడుతున్నవని తెలిస్తే రేపటి సంది అత్తమ్మ ఆ కారే ఎక్కదు.