చేతులు మారితేనే రెక్కలు

చిజురూ,

నిన్న మినోరి పటం ముందు తాబేలును ఇమ్మని నువ్వు అడిగావుగా, దానికే జవాబు రాస్తున్నాను.

మినోరి వీడియో గేమ్‌లోని ఆ రాతి తాబేలును ఇప్పుడు నేనే పెంచుతున్నాను. పోటీలు గెలిచి బలం పెరిగింది గానీ రూపం మారలేదు.

"ఎంత మేపినా అంతేనమ్మా! చిజురు గేమ్‌లోకి పంపితేనే దానికి రెక్కలొస్తాయి. ఇస్తానని మాటిచ్చానుగా!" అని మినోరి నవ్వేది. ఇవ్వకముందే పోయింది.

రెక్కలొస్తే అది మినోరి తాబేలు కాకుండా పోతుందని పంపలేదు. కానీ చేతులు మారినా, మొదట పెంచినవారి పేరు దాని మీద చెరగదని నువ్వన్నావు. పొద్దున బుద్ధుడికి వేడన్నం పెట్టి, ఆ మాటే తలచుకుంటూ కూర్చున్నాను.

ఆదివారం నీ గేమ్ పట్టుకుని రా తల్లీ. పంపుదాం.

ఈ ఉత్తరం దాచుకో, ఎవరికీ చూపించకు. కూతురు పోతే కన్నీరైనా రాని తల్లి ఆటలాడుకుంటోందంటారు.

మినోరి అమ్మ