ముందు పై బోల్టు

12 జూలై 1996, శుక్రవారం, చిక్కడపల్లి.

బట్టలు ఉతికాను, నారాయణగూడ వెళ్లి కూరగాయలు తెచ్చాను, కందిపప్పు బాగుచేశాను. ఇస్త్రీ మిగిలిపోయింది.

భార్య చనిపోయిన నెల రోజులకు మా డ్రైవర్ యాదయ్య ఇవాళే పనిలోకి వచ్చాడు. చెడిపోయిన కార్లను లాక్కొచ్చే మా లారీకి వెనక ఇరుసులో గేరాయిల్ మార్చాలి. "ధ్యాస కుదరకపోతే వేరేవాణ్ణి చూసుకోవాలి" అని మావారు పొద్దున్నే అన్నారు.

యాదయ్య పొరపాటే చేశాడు. ఆయిల్ పోసే పై బోల్టు ఊడుతుందో లేదో చూసుకోకుండా కిందిది విప్పి పాత ఆయిలంతా వంపేశాడు. పైది బిగుసుకుపోయింది. కొత్తది పోసే దారి లేదు, పోయకుండా బండి కదపకూడదు.

"ముందు పైది చూడాలని అందరికీ చెప్పేవాడివి నువ్వే కదయ్యా" అన్నారు ఈయన.

"దిమాగ్ పనిచేస్తలేదు సార్. ఇంట్ల పొయ్యి సుత ముట్టిస్తలేను."

ఇక పంపించేస్తారనుకున్నాను. ఈయన లుంగీ ఎగగట్టి, నడుము నొప్పితోనే లారీ కిందికి దూరారు.

"జరుగు. పానా నేను పట్టుకుంటాను, నువ్వు సుత్తితో కొట్టు."

"చెయ్యి జర దూరం పెట్టుండ్రి సార్. అది పోతే నాకు జీతం ఎవరిస్తరు?"

సాయంత్రానికి బోల్టు ఊడింది. ఆయిల్ పోశాక ఈయన తాళంచెవి యాదయ్య చేతికే ఇచ్చారు. రేపు ఒక్కడే రోడ్డెక్కితే ఎలా ఉంటాడో...

అతని భార్య అంజమ్మ బతికుండగా జొన్నరొట్టెలు పంపిన స్టీలు డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. ఉత్త డబ్బా తిరిగివ్వకూడదని పప్పన్నం నిండుగా పెట్టి యాదయ్యకు ఇచ్చాను.

అంజమ్మ బాకీ తీరింది.