పెద్దాయనకు ‘వద్దు’ చెప్పే హక్కు

హాంబర్గ్ నివాసిని, రవీంద్రనాథ్ గారి భార్యను, ఒకప్పుడు వరంగల్‌లో రాజనీతిశాస్త్రం చెప్పిన కౌసల్య అనే నేను, జబ్బు ముదిరినా తెలివి చెక్కుచెదరని స్థితిలో, ఎవరి బలవంతమూ లేకుండా, ఈ దేశపు చట్టం కోరినట్టు ప్రతి అక్షరం నా చేత్తో రాస్తున్నాను. నా తర్వాత అమలు కావలసినవి ఇవి.

1. ఈ ఫ్లాట్‌లో నా వాటా మా వారికి. కిటికీ దగ్గరి కరివేపాకు మొక్క కూడా ఆయనకే. దానికి నీళ్లు తగ్గించాలి, పాపం వేళ్లు కుళ్లుతున్నాయి. ఆయనంటే నాకెంత ఇష్టమో ఎదురుగా ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, చాలా ఇష్టం.

2. నా గాజులు, రోము చరిత్ర పుస్తకాలు మా అమ్మాయి శ్రావ్యకు. నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తుంది. పుస్తకాలు చదవకపోయినా సరే, పారేయకూడదు.

3. మన తెలుగు సంఘం వంటలకు నేను కొన్న గుండిగలు, పెద్ద పొయ్యి విద్యార్థుల ప్రతినిధికి చెందుతాయి. ఎందుకో వివరంగా రాయాలి.

సంఘం నియమావళి రాసింది నేను. రోముకు బందీగా వచ్చిన ఒక గ్రీకు చరిత్రకారుడు చెప్పిందే నాకు ఆధారం. ఒక్కరి పాలన పెత్తనంగా, కొందరి పాలన ముఠాగా, అందరి పాలన గోలగా చెడిపోతుంది, మూడూ కలిసి ఒకదాన్నొకటి ఆపుకుంటేనే నిలుస్తుందన్నాడాయన. అందుకే ఏటా మారే ఇద్దరు అధ్యక్షుల్ని, ఒక పెద్దల సభను పెట్టాను. ఒక ఉగాదినాడు, ఎప్పుడూ వడ్డనే తప్ప మొదటి బంతిలో చోటు లేదని విద్యార్థులు అలిగి పార్కుకు వెళ్లిపోయారు. బ్లూకార్డు వీసాతో ఉద్యోగాలకొచ్చిన కుటుంబాలు విస్తళ్ల ముందు దిక్కులు చూశాయి. రోములో సామాన్యులు ఊరు విడిచిపోయి సాధించుకున్నదే మన పిల్లలూ సాధించారు. వాళ్ల ప్రతినిధి ‘వద్దు’ అంటే ఏ తీర్మానమైనా ఆగిపోవాలి.

కరోనా ఏడాది, పెద్దల సభలోని భాస్కర్ రావు గారికి ఆర్నెల్లపాటు సర్వాధికారాలిచ్చాం. గదుల్లో చిక్కుకున్న పిల్లలకు అన్నం మోశారు, ఆన్‌మెల్డుంగ్‌కు, అంటే నివాసం నమోదుకు, చిరునామా లేనివాళ్లను తన ఇంట్లో ఉంచుకున్నారు. తర్వాత ఎన్నికలు పెడదామని ఎవరికీ అనిపించలేదు. ఆయన ఏ పదవీ అడగలేదు. జనమే ‘పెద్దాయన’ అన్నారు. హాలు కావాలన్నా, ఆఫీసుల్లో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరక్కపోయినా, పెద్దాయనను అడిగారా అన్నదే మాట. రోము మొదటి చక్రవర్తి కూడా రాజునని చెప్పుకోలేదు, మొదటి పౌరుణ్ణి అన్నాడు. అక్కడా సభలు జరుగుతూనే ఉన్నాయి. సామాన్యుల ప్రతినిధి కాకుండానే, ‘వద్దు’ అనే ఆ ప్రతినిధి అధికారం తాను తీసుకున్నాడు. మన పెద్దాయన కూడా నిరుడు, పిల్లలకు చదువులతో తీరిక లేదని, వాళ్ల ప్రతినిధి బాధ్యత కూడా తానే చూస్తానన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆ పదవికి పోటీ చేద్దామనుకున్న విద్యార్థిని పూజిత నా మంచం పక్కన కూర్చుని, “అన్న మంచోడే మేడమ్. గందుకే వద్దనలేకపోతున్నం” అంది. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకు ఆ ముక్క అంత సూటిగా తట్టలేదు.

కాబట్టి విద్యార్థులు తమలో ఒకరిని ఎన్నుకునేదాకా ఆ గుండిగలు పూజిత దగ్గర ఉండాలి. అంతవరకు సంఘం వంట వాటిలో వండకూడదు.

4. నా ఊలు శాలువా భాస్కర్ రావు గారికి. విమానాశ్రయంలో కొత్తగా వచ్చే పిల్లల కోసం చలిగాలిలో నిలబడతారు, చెవులు కప్పుకోరు. నన్ను ఆసుపత్రికి తిప్పిందీ ఆయనే. ఆయన మీద నాకు కోపముంది, అంతకన్నా గౌరవముంది.

5. ఈ వీలునామా అమలు చేసేవారి పేరు రాయాల్సి వచ్చినప్పుడు, ఆలోచించకుండానే భాస్కర్ రావు అని రాసేశాను. ఇంకో పేరు తట్టనే లేదు. రోము చేతులు మారింది దుర్మార్గుల వల్లే అని పిల్లలకు చెప్పేదాన్ని. కాదు, నాలాంటి అలిసిపోయినవాళ్ల వల్ల కూడా. ఆ పేరు కొట్టేయను. పక్కన పూజిత పేరు చేరుస్తున్నాను. ఇద్దరూ ఒప్పుకున్నదే అమలు కావాలి.

పూజితా, మొదటిసారి నోరు పెగలదు. నా సంతాప సభకు తానే అధ్యక్షత వహిస్తానని ఆయన అంటారు. నా మీద ప్రేమతోనే అంటారు, కళ్లనీళ్లు కూడా పెట్టుకుంటారు. అయినా ‘వద్దు’ అను.

హాంబర్గ్, 17 నవంబరు 2024
(సంతకం) కౌసల్య

సాక్షులు: గిరిజ, పక్కింటి ఆమె
కమలాకర్, మా వారి సహోద్యోగి