తిల్ల మొక్కలు, పోలమ్మ దారి

శుక్రవారం, మైపాడు

పోయినసారి పెట్టిన మడ మొక్కల్ని బర్రెలు మేసేశాయని, ఈసారి కాలవ గట్టు వెంట తిల్ల అనే మరో రకం మడ నాటుదామనుకున్నాను. ఉప్పుకు తట్టుకుంటుంది, పశువు మూతి పెట్టదు. నర్సరీ ఆటోలోంచి మొక్కలు దించుతుంటే పీతలు పట్టే పోలమ్మ అడ్డం వచ్చింది.

"దాని పాలు కంట్లో పడే మా ఆయన గుడ్డోడయినాడు. ఆ చెట్టు మాకొద్దన్నా."

వేరేవి పెడితే మళ్లీ బర్రెలు మేస్తాయన్నాను. ఆమె కాస్త మెత్తబడింది.

"పోనీ, మేం నడిచే దారి వదిలిపెట్టి నాటన్నా."

సరేనన్నాను. అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. ఆ దారి నిరుడు అక్కడ లేదు. పాత దారి ఉప్పునీళ్లలో మునిగితే, వాళ్లు లోపలికి జరిగి కొత్తది తొక్కుకున్నారు. ఇదీ మునిగితే, వాళ్లు నడవాల్సింది రేపు నేను తిల్ల నాటబోయే చోటే.