పదిహేను కిలోల గ్రేవీ

సోమవారం

వంట మాస్టరు గారికి,

నమస్కారం. మీరు నన్ను చూడలేదు కానీ, పద్నాలుగేళ్ళుగా మీ కూరలు నాకు సవతులు. మీ హోటల్లో కిటికీ పక్క మూడో బల్ల దగ్గర రోజూ మధ్యాహ్నం కూర్చునే పొడుగాటాయన భార్యని.

ఆయనకి పొట్ట ఆపరేషనై నలభై రోజులైంది. మూడు నెలలు బయటి తిండి ముట్టకూడదన్నారు డాక్టరు. అప్పట్నుంచీ నేనేం వండిపెట్టినా మూడు ముద్దలు తిని కంచం పక్కకి జరుపుతున్నారు. నాలుగు కిలోలు తగ్గారు. చొక్కా చూస్తే కొక్కేనికి తగిలించినట్టే ఉంది. నాకు భయంగా ఉందండీ, దాచుకోవడం ఎందుకు?

నిన్న గట్టిగా అడిగితే, "హోటల్ కూరలో ఉండే ఆ గ్రేవీ నీకు రాదులే" అన్నారు. ఆ గ్రేవీ ఎలా చేస్తారో రాసి పంపండి. నేను ముప్పై రెండేళ్ళు ఆసుపత్రిలో మందులు కలిపి ఇచ్చిన మనిషిని. చీటీలో రాసినదాన్ని పొల్లుపోకుండా చేస్తాను. నోటిమాట మీద మాత్రం ఏదీ చెయ్యను, అందుకే ఫోన్ చెయ్యలేదు. మా వీధి చివర ఉండే మీ పెద్ద సర్వరు గారి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

జవాబు కోసం గుమ్మంలో ఎదురుచూసే,
మూడో బల్ల ఆయన భార్య

తా.క. ఆయన బరువు ప్రతి శుక్రవారం చూస్తున్నాను. ఆయన ఎక్కనంటున్నారు, నేను ఎక్కిస్తున్నాను.


మంగళవారం

అమ్మా,

దండాలు. నిజం చెప్పాలంటే, ముందు మీరు ఎదురు హోటల్ వాళ్ళ మనిషేమో అనుకున్నాను. పోయిన ఏడాది వాళ్ళు ఒకాయన్ని గ్యాస్ స్టవ్ మెకానిక్ వేషంలో పంపారు. నాలుగు గంటలు మా వంటగదిలో ఉన్నాడు, స్టవ్ వంక ఒక్కసారి కూడా చూడలేదు. కానీ అయ్యగారి చొక్కా సంగతి చదివాక నా మనసు ఆగలేదు.

ఇదిగోండి, తక్కువలో తక్కువ రాస్తున్నాను. ఉల్లిపాయలు పదిహేను కిలోలు, టమాటాలు నాలుగు కిలోలు, క్యారెట్లు రెండు కిలోలు, అల్లం వెల్లుల్లి కలిపి ఒక కిలో, నూనె ఒక లీటరు, పసుపు, ధనియాల పొడి. అన్నీ తరిగి నీళ్ళు పోసి మూతపెట్టి, ఉల్లిపాయ వేలితో నొక్కితే నలిగేదాకా గంటన్నర ఉడికించాలి. చల్లారాక మెత్తగా రుబ్బి, మళ్ళీ సన్నటి మంట మీద అరగంట పెట్టాలి. పైన నూనె తేలితే అయినట్టు. ఉప్పు వెయ్యొద్దు.

అయ్యగారు నిండుగా భోంచెయ్యాలని కోరుకునే,
వంట మాస్టరు

తా.క. ఎందుకైనా మంచిది, ఇది చదివాక చింపెయ్యండి.


శనివారం

మాస్టరు గారికి,

చింపలేదు. మందు చీటీలు చింపే అలవాటు నాకు లేదు. పైగా ఇది రేపు మీ మీద సాక్ష్యానికి పనికొస్తుంది.

మీరు రాసింది అక్షరం మార్చకుండా చేశాను. పదిహేను కిలోలు తరగడానికి గురువారం ఉదయం నుంచి సాయంత్రం దాకా పట్టింది. వీధి వాకిట్లో పీట వేసుకుని, కళ్ళ వెంట ధారలు కారుతుంటే తరుగుతున్నాను. ఎదురింటావిడ చూసి ఏమనుకుందో, లోపలికి పరుగెత్తింది. పది నిమిషాల్లో ఆరుగురు వచ్చి నా చుట్టూ కూర్చుని, "ఎప్పుడు జరిగింది వదినా? నిన్న కూడా పేపరు చదువుతూ కనిపించారే!" అని మొదలుపెట్టారు. ఉల్లిపాయలు పక్కనే ఉన్నాయిగా, ఏడుపుకి వాళ్ళకీ లోటు రాలేదు. ఇంతలో మావారు లోపల్నుంచి వచ్చి "కాఫీ ఉందా?" అనడంతో ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోయింది.

వంటసామాను అద్దెకిచ్చే కొట్టు నుంచి నేను కూర్చుంటే పట్టేంత గిన్నె తెచ్చాను. మిక్సీ యాభై నాలుగు వాయిలు రుబ్బి, యాభై అయిదో వాయికి పొగ వదిలి కన్నుమూసింది.

ఇంతా చేస్తే వచ్చిందేమిటి? పసుపు రంగు జావ. ఉప్పు లేదు, కారం లేదు, రుచన్నది మచ్చుకైనా లేదు. అదే కూరగా వడ్డించాను. ఆయన ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి, "మళ్ళీ పథ్యమా?" అన్నారు. నా మనసు విరిగిపోయిందండీ. మీరు నన్ను ఆటపట్టించారు.

సాక్ష్యానికి ఒక గిన్నెడు ఉంచుకుని, మిగతాదంతా క్యానుల్లో పోసి ఆటోలో మీకే తిప్పి పంపేశాను.

ఇట్లు, కోపంతో,
మూడో బల్ల ఆయన భార్య

తా.క. ఆటో అతను దారిలో మూత తీసి రుచి చూశాడట. పాపం, తిరిగొచ్చి నన్ను ఓదార్చాడు.


ఆదివారం

అమ్మా,

మీ కాళ్ళకి మొక్కుతాను, ఆ గిన్నెడూ పారబొయ్యకండి! మీరు చేసింది తప్పు కాదు. అది అచ్చంగా అలాగే ఉండాలి. గ్రేవీ అంటే కూర కాదమ్మా, కూరకి పునాది. పునాదిలో ఎవరైనా కాపురం ఉంటారా? ఆ ముక్క నేను రాయలేదు. ముప్పై ఏళ్ళుగా అందరికీ తెలిసిందే అనుకుంటూ బతుకుతున్నాను.

ఇక పదిహేను కిలోలా! ఇద్దరికి ఒకటిన్నర కిలో చాలు. వంద మందికి తక్కువ నేను జన్మలో వండలేదు. మా హోటల్లో అది నిజంగానే తక్కువలో తక్కువ. మీరైనా తగ్గించుకుంటారనుకున్నాను. మీరు తగ్గించే మనిషి కాదని నాకేం తెలుసు?

ఇప్పుడు ఇలా చెయ్యండి. బాణలి బాగా కాలాక నూనె వేసి, కొద్దిగా అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా వేసి పది అంకెలు లెక్కపెట్టండి. ఒక్క గరిటెడు గ్రేవీ పొయ్యండి. పెద్ద మంట. అంచులకి అంటుకుంటుంది, కంగారుపడి కలపొద్దు. అంటుకున్నాక గీకి కలపండి, రుచంతా ఆ గీకుడులో ఉంది. మళ్ళీ గరిటెడు, మళ్ళీ గీకుడు. అప్పుడు ఉడికిన కూరగాయలు, ఉప్పు. పది నిమిషాల పని.

తప్పు ఒప్పుకుంటున్న,
వంట మాస్టరు

తా.క. మీ క్యానులు మా కోల్డ్ రూములో భద్రంగా ఉన్నాయి. ఎవరు చేశారని ఇక్కడ అడుగుతున్నారు. అంత మెత్తగా మేం ఎప్పుడూ రుబ్బలేదు.


శుక్రవారం

మాస్టరు గారికి,

మిమ్మల్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మంగళవారం మీరు చెప్పినట్టే చేశాను. గరిటెడు పోసి అది అంటుకుంటుంటే కలపకుండా నిలబడటం నా ఉద్యోగంలో చేసిన పనులన్నిటికంటే కష్టమైంది. వాసనకి నాకే నోరూరింది. ఇల్లంతా మీ హోటల్లా అయిపోయింది.

ఆయన ఏం చేశారో తెలుసా? "బాగుందే" అన్నారు. మూడు ముద్దలు తిన్నారు. కంచం జరిపారు.

ఇవాళ త్రాసు ఎక్కించాను. తగ్గుతారనుకుంటే రెండు వారాల్లో కిలో ముప్పావు పెరిగారు! తిండి తినని మనిషి బరువు పెరగడమేమిటండీ? ఒంట్లో నీరు చేరితే అలా పెరుగుతారని నాకు తెలుసు. ఎన్నో కేసులు చూశాను. ఆయనకేమీ చెప్పలేదు. సోమవారం పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. దేవుడి గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడు ఉల్లిపాయలు లేవు, అయినా అక్షరాలు కనిపించడం లేదు.

మీకు చెప్పుకుంటే భారం తగ్గుతుందని రాసిన,
మీ చెల్లెలు లాంటి మనిషి

తా.క. ఈ ఉత్తరాలన్నీ మోస్తున్న సర్వరు గారు ఇవాళ నేను ఏడుస్తుంటే నాకంటే ఎక్కువ గాభరా పడ్డారు. మంచి మనసు.


శనివారం, పొద్దున్నే

చెల్లెమ్మా,

ముందు కళ్ళు తుడుచుకో. బావగారికి నీరూ లేదు, గీరూ లేదు. ఆయన ఒంట్లో చేరింది మా అన్నం, మా కూర.

ఆ మంచి మనసు నిన్న సాయంత్రం నా ముందు బోరుమన్నాడు. నీ మొదటి ఉత్తరం తీసుకోవడానికి వచ్చినప్పుడు బావగారి చిక్కిన మొహం చూశాడట. మర్నాటి నుంచి రోజూ ఒక పార్సెల్! రెండింటికి నువ్వు కునుకు తియ్యగానే పెరటి గోడ మీంచి అందిస్తాడు. బట్టలారేసే తీగల వెనక, దుప్పటి చాటున బావగారి భోజనం. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నారట. తన ఇంటికని కట్టించుకుంటుంటే నేనూ నమ్మాను. వాడు ఒంటిగాడన్న సంగతి పదకొండు రోజులు నాకు తట్టలేదు.

ఇక నా వల్ల జరిగింది కూడా చెప్పేస్తాను. బుధవారం మా ఉల్లిపాయల లారీ రాలేదు. నీ క్యానులే విప్పాను. ఆ రోజు కూరలన్నీ నీ గ్రేవీతోనే చేశాను, అడగకుండా.

సిగ్గుతో తలదించుకున్న,
నీ అన్నయ్య

తా.క. సర్వరుని ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. వాడు భోజనం మానేశాడు.


మంగళవారం

అన్నయ్యా,

మీ ఉత్తరం చదివి మెట్ల మీద కూలబడి నవ్వాను, తర్వాత ఏడ్చాను, మళ్ళీ నవ్వాను. ఎదురింటావిడ చూసింది కానీ ఈసారి ఎవర్నీ పిలవలేదు. గుండెల మీంచి రాయి దించినట్టుంది.

అయినా సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు అన్నీ చూసి, "కుట్లు బాగా మానాయి, బరువు కూడా బాగుంది. మీరు ఇంట్లో ఏం పెడుతున్నారో అదే పెట్టండమ్మా" అన్నారు. మావారు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చాక మీ ఉత్తరం సంగతి ఎత్తకుండా, మాటల్లో మాటగా హోటల్ కూరలు గుర్తొస్తున్నాయా అని అడిగాను. మనిషి మెత్తబడిపోయారు. "మొన్న బుధవారం..." అని నాలిక కరుచుకుని, "అదే, ఒకప్పుడు ఒక బుధవారం తిన్నానే, పద్నాలుగేళ్ళలో అంత కమ్మటి కూర తినలేదు. ఆ గ్రేవీ ఎవరు చేశారో గానీ హస్తవాసి అంటే అది! నువ్వెంత తంటాలు పడ్డా నీకు రాదులే" అన్నారు.

ఆ మాటకి లోపల ఎంత సంబరపడ్డానో మీకు చెప్పలేను. కొత్త మిక్సీ కొన్నాను. ఈసారి ఒకటిన్నర కిలోనే, నూనె కూడా డాక్టరు చెప్పినంతే. చీటీలో రాసిన కొలతని నేనే తగ్గించి రాసుకోవడం ఇదే మొదటిసారి.

సర్వరు గారిని కడుపునిండా భోంచెయ్యమనండి. ఆయన చేసిన తప్పే నా మనిషిని నిలబెట్టింది. కాకపోతే పార్సెల్ మానెయ్యొద్దని చెప్పండి, కొంచెం పద్ధతి మారుద్దాం. రేపట్నుంచి ఒంటిగంటన్నరకి మీ హోటల్ పేరున్న సంచీ, ఖాళీ డబ్బాలు తీసుకుని వీధి గుమ్మంలోకి రమ్మనండి. నేను వేడివేడిగా నింపి ఇస్తాను. సర్వరు గారు అది పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగి వెళ్ళి, ఎప్పట్లాగే పెరటి గోడ మీంచి మావారికి అందించాలి.

ఎంతో నెమ్మదించిన మనసుతో,
మీ చెల్లెలు

తా.క. రెండింటికి నేను తీసేది కునుకు కాదు, కళ్ళు మూసుకుని ఆలోచించడం. ఇకమీదట మావారు తినడం పూర్తయ్యేదాకా ఆలోచిస్తాను.