కుట్టుమిషను సొరుగులో ఫారం

చెల్లీ,

అలా పిలిచే హక్కు నాకు లేదు. అయినా చివరిదాకా చదువు.

ఆయన పోయాక పెన్షన్ ఆఫీసు వాళ్లు నీకు కాకుండా నాకు ఉత్తరం రాశారు. విడాకులై ఆరేళ్లయినా వాళ్ల రికార్డులో ఇంకా నేనే భార్యని. నీ పేరు రాయించలేదని ఆయన్ని తిట్టుకుంటున్నావట. తిట్టకు. మీ పెళ్లైన వారానికే ఆ మనిషి పెన్షన్‌లో భార్య పేరు మార్చే ఫారం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. ఇరవై ఏళ్లు ఆయన కాగితాలన్నీ నింపింది నేనే కదా! నీ పేరూ నా చేత్తోనే రాశాను. "ఆఫీసు నా దారిలోనే కదా, నేనిచ్చేస్తాలే" అన్నాను. ఇవ్వలేదు. కుట్టుమిషను సొరుగులో పడేశాను.

రేపు పదింటికల్లా మీ పెళ్లి సర్టిఫికెట్ తీసుకుని ఆఫీసుకి రా. విడాకుల కాగితం, ఆ ఫారం నేను తెస్తాను. ఆలస్యం చెయ్యకు. భార్యనని ఒప్పుకుంటూ సంతకం పెట్టమని వాళ్లు పంపిన కాగితం నా ముందే ఉంది. పెన్ను మూత ఇంకా పెట్టలేదు.